లెన్సు మింగిన పదమూడు గజాలు

యుద్ధకాలంలో విమానాల నుండి నేలను ఫోటో తీయడానికి తయారు చేసిన లెన్సు ఒకటి, 1953 డిసెంబరులో మద్రాసు మూర్ మార్కెట్టులో నాకు పాత ఇత్తడి ధరకు దొరికింది. ఇత్తడి, గాజు కలిసి రెండు సేర్ల బరువు. ముందు అద్దం మా అమ్మ నేతి గిన్నె మూతంత వెడల్పు. దూరాన్ని దగ్గరకు తెచ్చే లెన్సులు సాధారణంగా వెలుతురు విషయంలో పేదవి; మిట్టమధ్యాహ్నపు ఎండ ఉంటే తప్ప పని చేయవు. ఇది అట్లా కాదు. దీని నోరు ఎఫ్ 2.9 దాకా తెరుచుకునేది. ప్రొద్దు గ్రుంకుతున్న వేళ కూడా, నూరు గజాల దూరంలో నిలిచిన మనిషి మీసాన్ని పట్టుకోగలిగేది. ఇటువంటి లెన్సును కొత్తగా కొనాలంటే మా నాయనగారి రెండేళ్ల జీతం చాలదు. ఈ సంగతి నేను ఆదోనిలో కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. అప్పటికి నా వయస్సు ఇరవై మూడు. అనంతపురం కాలేజీలో బి.ఏ. ముగించి, హైస్కూళ్లకు దరఖాస్తులు పంపుకుంటూ ఇంట్లో ఉన్నాను. చెప్పుకోవడానికి అంతకంటె గొప్ప విషయం నాకు వేరే లేదు.

మా నాయన వెంకటకృష్ణయ్యగారు పత్తి నుండి గింజలు తీసే లక్ష్మీనరసయ్య శెట్టిగారి జిన్నింగు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా పెద్ద గుమాస్తా. ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఈవల, మైదానం చివర ఉన్న మిద్దె ఇంట్లో మేము ముగ్గురం ఉండేవాళ్లం. ఇల్లు శెట్టిగారిది. అద్దె లేదు.

లెన్సు దొరికింది కాని, దానిని నా పాత పెట్టె కెమెరాకు బిగించే ఇత్తడి కట్టు లేదు. ఆ కట్టును నాకు సమకూర్చిన వాడు హుసేనప్ప. అతను ఫ్యాక్టరీ హమాలీలకు మేస్త్రీ. పొట్టి మనిషి. మెడ, భుజాలు మాత్రం ఎద్దుకు ఉన్నట్లుండేవి. లెన్సును చేతిలోకి తీసుకొని బరువు చూచాడు.

"ఏంది సామీ ఇది, ఫిరంగి గొట్టమా?"

"లెన్సు. దూరంగా ఉన్నవాళ్లను దగ్గరగా చూపిస్తుంది."

"దూరంగా ఉండేటోళ్లను దూరంగానే ఉండనీకూడదా, పాపం?" అని నవ్వి, "మా ఫిట్టరు ఉచ్చీరప్పతో సెప్తాలే. అరిగిన రోలరు ఇత్తడి ఉండాది ఆడ. కట్టేమి, బిందె కావాలన్నా పోసిస్తాడు" అన్నాడు.

నాలుగు రోజులకు కట్టు వచ్చింది. కృతజ్ఞతగా మొదటి ఫోటో హుసేనప్పదే తీశాను, పదిహేనడుగుల దూరం నుండి, లెన్సు నోరు పూర్తిగా తెరిచి. కళ్లు, కనుబొమలు స్పష్టంగా వచ్చాయి. చెవుల నుండి వెనుకకు ఉన్నదంతా పాలలో కలిసిపోయినట్లయింది. బొమ్మను తలక్రిందులుగా కూడా త్రిప్పి చూచాడు.

"నా సెవులు యాడికి పోయినాయి సామీ?"

"ఈ లెన్సుకు ఒకేసారి ఒకటే కనపడుతుంది. దాని వెనుకా ముందూ ఉన్నవి మెత్తబడతాయి."

"మా శెట్టి మాదిరి" అన్నాడు హుసేనప్ప. ఫోటోను తువ్వాలులో చుట్టి నడుముకు కట్టుకున్నాడు.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉండేది. ఇక్కడ దానిని చెప్పక తప్పదు. హమాలీలు బోరేలను, అంటే పత్తి నింపిన పెద్ద గోనె బస్తాలను, ఇనుప కొక్కేలతో లాగేవారు. బళ్లు దించడం అయిపోగానే, లేదా దారిలో అపాయం ఏదైనా కనపడగానే, మేస్త్రీ తన కొక్కేన్ని తలపైకి ఎత్తి పట్టుకునేవాడు. జిన్ను యంత్రాల చప్పుడులో మాట వినపడదు గనుక అది సైగ. 'చేతులు ఆపండి' అని దాని అర్థం. ఫ్యాక్టరీ వరండా మీద కూర్చున్న మా నాయన అది చూచి కుడిచేయి పైకెత్తేవారు. పెద్ద గుమాస్తా చేయి లేచిన తరువాతనే మేస్త్రీ కొక్కెం దించేవాడు. అప్పుడే పని ఆగినట్లు లెక్క. ఇరవై ఆరేళ్లలో ఆ కొక్కేనికి ఆ చేయి బదులు పలకని రోజు లేదని మా అమ్మ అలివేలమ్మ అనేది.

జనవరి మొదటి వారంలో సంతోషమ్మ అనే ఆమె కుడిచేతి వేళ్లు మూడు జిన్ను రోలరులో పోయాయి. గాయం మానిన తరువాత ఆమె పనికి వస్తే గేటు దగ్గరే త్రిప్పి పంపారు. పత్తి ఏరే పనిలోనైనా ఉంచుకోమని హుసేనప్ప మా నాయన దగ్గరకు వచ్చి అడిగాడు.

"ఏరేదానికి ఒక సెయ్యి సాలదా, పెద్దయ్యా? కాయ తునకలు తీసేదే కదా."

"నాకు తెలియదా హుసేనప్పా? శెట్టిగారు వద్దంటున్నారు. ఒకరికి ఇస్తే రేపు పదిమంది వస్తారంటున్నారు."

"పదిమంది వేళ్లు పోతాయని ఆయప్పకు ముందే తెలుసన్నమాట" అన్నాడు హుసేనప్ప. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మరునాటి నుండి హమాలీలు పనికి రాలేదు. వారి వెంట జిన్ను ఆడవాళ్లూ రాలేదు. పత్తి బళ్లు మైదానం నిండా నిలిచిపోయాయి.

నాల్గవ రోజు సాయంకాలం అది జరిగింది. నేను మా మిద్దె మీద ఉన్నాను. గేటు నాకు తొంభై గజాల దూరం. వెలుతురు సగం పోయింది. మరే లెన్సయినా మూత పెట్టుకోవలసిన సమయం. శెట్టిగారు గేటు బయటకు వచ్చి బళ్లవాళ్లతో ఏదో అంటున్నారు. జనం ముందుకు తోసుకొచ్చారు. కేకలు లేచాయి. నేను లెన్సు నోరు పూర్తిగా తెరిచి, శెట్టిగారు తలకు చుట్టుకున్న తెల్ల రుమాలుకు ఫోకసు సరిచేసి, మీట నొక్కాను. ఒక్కటే నొక్కాను. ఫిల్ములో అదే చివరిది. రెండు నిమిషాలలో పోలీసులు వచ్చారు, జనం చెదిరిపోయారు. ఎవరో విసిరిన రాయి తగిలి శెట్టిగారి నుదురు పగిలిందని తరువాత తెలిసింది.

మరునాడు ఉదయం చింతపండు కొట్టును చీకటి గదిగా చేసుకొని ఆ ఫిల్మును కడిగి, మధ్య భాగాన్ని పెద్దది చేశాను. అది నేను తీసిన ఫోటోలన్నిటిలోకి మంచిది. ఈ మాట ఇప్పటికీ అంటాను. శెట్టిగారు నుదుటికి చేయి పెట్టుకొని ఉన్నారు. వేళ్ల సందున రక్తం. వారి ప్రక్కనే, మూరెడు దూరంలో, వీపు సగం ఇటు త్రిప్పి, ముఖం సగం కనపడేటట్లు హుసేనప్ప. అతని చేయి పైకి లేచి ఉన్నది. చేతిలో కొక్కెం. దాని మొన శెట్టిగారి తలమీద వ్రేలాడుతున్నట్లే ఉన్నది. వారిద్దరి నడుముల క్రింది భాగం బోరేల చాటున పడింది.

ఒక విషయం అప్పుడే గమనించాను. శెట్టిగారి రుమాలు మడతలు లెక్కపెట్టవచ్చు. హుసేనప్ప కొక్కెం అంచు మాత్రం కొంచెం మెత్తగా ఉన్నది. కదిలినందువల్ల కావచ్చునని అనుకోబోయాను. కాని నడుముకు కట్టిన తువ్వాలు ముడి కూడా అంతే మెత్తగా ఉన్నది. కొట్టే మనిషి చేయి ఊగుతుంది. నడుము ముడి ఊగదు. భూతద్దం పెట్టి ఇంకొకసారి చూచాను. తరువాత భూతద్దం పెట్టెలో పెట్టేశాను.

ఫోటో ఆరగానే నేనే తీసుకొనిపోయి శెట్టిగారికి చూపించాను. ఎవరూ అడగలేదు, ఎవరూ పంపలేదు. తలకు కట్టుతో పడక్కుర్చీలో ఉన్నారు.

"అరరే! తొంభై గజాల నుంచా? ఆ మసక ఎల్తురులోనా? మద్రాసు పేపరోళ్లు కూడా ఇట్ల తీయలేరప్పా!" అన్నారు. నేను ఎఫ్ 2.9 గురించి వివరించసాగాను. వారు వినడం లేదు. ఫోటోను కంటి దగ్గరకు తెచ్చుకున్నారు. "ఈడు మన హుసేనప్ప కదా?"

"అవునండి. కాని చేయి కొంచెం..."

"కొట్టబోతాంటే చెయ్యి కదలదా? రాయి అనుకొంటి. కొక్కెంతో కొట్టినాడు!" వారి ముఖం తెల్లబడింది. అబద్ధం ఆడుతున్న ముఖం కాదది. ఆ బొమ్మ చూచిన క్షణం నుండి వారికి అట్లాగే జ్ఞాపకం ఉండిపోయింది. అప్పుడు నేను, అది కదలిక కాదండి అని ఒక వాక్యం చెప్పి ఉండవలసింది. "మంచి పని చేసినావు నాయనా" అని వారు నా భుజం తట్టారు. ఆ వాక్యం చెప్పలేదు.

మధ్యాహ్నానికి హుసేనప్పను సబ్ జైలులో పెట్టారు. ఆయుధంతో కొట్టినట్లు కేసు. నేరం రుజువైతే రెండేళ్లయినా పడుతుందని బజారులో అనుకున్నారు.

మూడవ రోజు అతని భార్య హులిగమ్మ మా ఇంటికి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది. అమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. నడుము కొంగులో నుండి నేను తీసిన పాత ఫోటో, ఆ చెవులు లేని ఫోటో, తీసి నా ముందు పెట్టింది.

"ఫోటో అయ్యా, ఇది నువ్వు తీసిందే కదా?"

"అవును."

"ఇందులో ఆయప్పకు సెవులు లేవు. ఇంట్లో ఉండాయి. నేను దినామూ సూస్తాండా." ఆమె గొంతు పెంచలేదు. "అట్లనే ఆ బొమ్మలో ఏముందో నాకు తెల్దు. నా మొగుడు శెట్టి కాడ లేడు. తక్కెడ కాడ ఉండాడు. 'ఆపండ్రా, ఆపండ్రా' అని కొక్కెం ఎత్తినాడు. నూరుమంది సూసినారు. నూరుమంది మాట ఎవరికీ పట్టదు. నీ అద్దం మాటే పట్టింది."

ఆమె పోయిన తరువాత నేను ఉచ్చీరప్ప దగ్గర కొలత టేపు అడిగి తెచ్చి, శెట్టిగారు నిలుచున్న గేటు స్తంభం నుండి మైదానంలో బోరేలు తూచే తక్కెడ దాకా కొలిచాను. పదమూడు గజాలు. తక్కెడ గేటుకూ మా మిద్దెకూ మధ్య ఉన్నది. దూరం నుండి చూచినప్పుడు ఒకరి వెనుక ఒకరున్న మనుషుల నడుమ జాగా కుంచించుకుపోతుంది. మధ్య భాగాన్ని మాత్రమే కోసి పెద్దది చేస్తే ఆ జాగా ఉన్నదనే గుర్తు కూడా మిగలదు. ఫోటోగ్రఫీ పుస్తకాలలో నేను చదివిన విషయమే.

సాయంకాలం నాయన ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా అడిగాను.

"మీరు ఆరోజు వరండా మీద ఉన్నారు కదా. హుసేనప్ప కొక్కెం ఎత్తడం చూచినారా?"

నాయన చెంబు క్రింద పెట్టారు. "చూచినాను."

"ఎందుకు ఎత్తినాడో తెలుసు కదా?"

"తెలుసు."

"మీరు చెయ్యి ఎత్తలేదు."

"యజమాని వాకిట్లో నెత్తురు కారుతూ నిలబడి ఉంటే, ఆయన ముందర నేను హమాలీకి చెయ్యి ఎత్తి బదులు చెప్పేదా?" నాయన మళ్లీ చెంబు అందుకున్నారు. "చెప్పి ఉంటే అందరూ ఆగి ఉందురేమో. నాకూ తెలుసురా. నిన్ను సాక్షిగా పిలుస్తారు. ఫోటో నీదా అని అడుగుతారు. నాదే అని చెప్పు. అది నిజమే కదా. అంతకు మించి నిన్నెవరూ అడగరు."

"అడగకపోతే చెప్పకూడదా?"

"చెప్తే ఈ ఇల్లు ఉండదు."

అమ్మ వంటింట్లో నుండి బయటకు వచ్చింది. చేతికి జొన్నపిండి అంటి ఉన్నది. "ఈ ఇల్లు మనది కాదని నాకు కాపురానికి వచ్చిన రోజే తెలుసు" అన్నది. "రొట్టెలు చల్లారతాండాయి, రాండి."

మార్చి మొదటి వారంలో విచారణ జరిగింది. మేజిస్ట్రేటు కోస్తా ప్రాంతం నుండి కొత్తగా వచ్చినవారు. పత్తి ఫ్యాక్టరీల సైగలు వారికి తెలిసే అవకాశం లేదు. నాయన నా వెనుక బెంచీ మీద శెట్టిగారి ప్రక్కన కూర్చున్నారు. కిటికీల బయట హమాలీలు క్రిక్కిరిసి ఉన్నారు. నా చేతికి ఫోటో ఇచ్చారు.

"ఈ ఫోటో తీసినది మీరేనా?"

"నేనేనండి."

"ఇందులో ఉన్నదంతా నిజంగా జరిగినదేనా?"

"ఇందులో ఉన్నవన్నీ జరిగినవేనండి. కాని ఒకే చోట జరగలేదు."

మేజిస్ట్రేటు కలం ఆపారు. "అంటే?"

నేను లెన్సు గురించి, దూరం గురించి చెప్పాను. నేను కోరుకున్నంత చక్కగా చెప్పలేకపోయాను. ఇంగ్లీషు మాటలు ఎక్కువ దొర్లాయి. శెట్టిగారి వకీలు లేచి, ఈ అబ్బాయి పుస్తకాల పాండిత్యం కోర్టుకు అనవసరమన్నాడు. మేజిస్ట్రేటు కూడా కళ్లద్దాలు తుడుచుకుంటూ, "బాబూ, గాజు సంగతులు నాకు తెలియవు. కంటికి కనపడేది ఏదైనా ఉంటే చెప్పండి" అన్నారు.

"ఫోటోలో ఎవరు పొడుగో చూడండి."

చూచారు. "ముద్దాయి. శెట్టిగారికంటె అర తల ఎత్తు ఉన్నాడు."

"వారిద్దరినీ ఒకసారి ప్రక్కప్రక్కన నిలబెట్టండి."

శెట్టిగారు లేవలేదు. "నేను పోయి వాని పక్కన నిలబడేదా?" అన్నారు, ఎవరినో అడుగుతున్నట్లు.

"ఫోటోలో నిలబడ్డారు కదండీ" అన్నారు మేజిస్ట్రేటు. "ఇక్కడ నిలబడడానికేం?"

శెట్టిగారు లేచి వెళ్లారు. ఇద్దరి మధ్య జానెడు జాగా ఉంచి నిలుచున్నారు. హుసేనప్ప చేతులు కట్టుకొని, తల వంచుకొని ఉన్నాడు. "తల ఎత్తు" అన్నారు మేజిస్ట్రేటు. ఎత్తాడు. అయినా అతని నడినెత్తి శెట్టిగారి చెవిని దాటలేదు.

కిటికీ దగ్గర ఎవరో, "మా మేస్త్రీ జైలు కూడు తిని కుంగిపోయినాడు సామీ!" అని అరిచారు. హమాలీలు గొల్లుమన్నారు. బంట్రోతు కర్రతో నేల తట్టాడు.

నేను చెప్పాను: "అతను పదమూడు గజాలు నాకు దగ్గరగా ఉన్నాడు. అందుకే పెద్దగా కనపడ్డాడు. అతను గేటు వైపు తిరిగి వరండాకు కొక్కెం చూపిస్తున్నాడు. 'చేతులు ఆపండి' అని ఆ ఫ్యాక్టరీలో దాని అర్థం. లెన్సు నోరు పూర్తిగా తెరిచి తీసినందువల్ల, ఫోకసు శెట్టిగారి మీద ఉన్నందువల్ల, అతని బొమ్మ మెత్తబడింది. అది కదలిక కాదు. మొదటి రోజే భూతద్దంలో చూచాను."

"మొదటి రోజే చూస్తే, మూడు వారాలుగా ఎందుకు చెప్పలేదు?"

నేను ఫోటోను బల్ల మీద పెట్టాను.

"ఫోటో బాగున్నదని అందరూ అన్నారండి" అన్నాను.

మేజిస్ట్రేటు చాలాసేపు వ్రాసుకున్నారు. హుసేనప్ప మాత్రం నా వైపు చూడలేదు. నేను తిరిగి వస్తుంటే నాయన బెంచీ మీద కొంచెం జరిగారు. శెట్టిగారి వైపు జరిగారో, నాకు చోటివ్వడానికి జరిగారో నాకప్పుడు తెలియలేదు.

వారం రోజులకు కేసు కొట్టివేశారు. బళ్లమీద పత్తి పాడవుతున్నందువల్ల శెట్టిగారు సంతోషమ్మను ఏరే పనికి తీసుకున్నారు. జిన్నులు మళ్లీ తిరిగాయి. మా నాయనను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఉగాది తరువాత కొత్త గుమాస్తా వస్తాడనీ, అతనికి ఇల్లు కావాలనీ మాత్రం కబురు వచ్చింది. అదే వారంలో ఎమ్మిగనూరు హైస్కూలులో నాకు ఉద్యోగం ఖాయమయింది. మగ్గాల వీధిలో రెండు గదుల ఇల్లు దొరికింది. గోడకు ఆవల పగలంతా మగ్గం చప్పుడని ఇంటివాళ్లు ముందే చెప్పారు. ఇరవై ఆరేళ్లు జిన్నుల చప్పుడులో వండిన నాకు అదొక లెక్కా అన్నది అమ్మ.

ఆ నెలరోజులూ నాయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. సామాను ఎమ్మిగనూరుకు పంపడానికి బండి మాట్లాడింది అమ్మ. బండి వచ్చిన ఉదయం, దాని వెనుకే హుసేనప్ప, మరి నలుగురు హమాలీలు వచ్చారు. మేము పిలువలేదు. సబ్ జైలు నుండి వచ్చిన తరువాత అతను మా గడప తొక్కడం అదే మొదటిసారి.

"హుసేనప్పా, నేను..." అన్నాను.

"ఆ పెట్టె ఇట్లివ్వు సామీ. ఫిరంగి గొట్టం ఇందులోనే ఉందా? అడుగున పెడ్తాను. పైన పెడితే దోవలో ఇంకెవర్ని పట్టుకుంటుందో" అన్నాడు. హమాలీలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అతను లెన్సు పెట్టెను వంటపాత్రల నడుమ, మా అమ్మ పాత చీర చుట్టి, జాగ్రత్తగా సర్దాడు.

నాయన ఖాళీ అయిన ఇంటి అరుగు మీద కూర్చొని ఉన్నారు. ఎదురుగా ఫ్యాక్టరీ వరండా మీద ఆయన కుర్చీ ఖాళీగా ఉన్నది. కొత్త గుమాస్తా ఇంకా రాలేదు. చివరి బిందె బండి ఎక్కింది. తాడు బిగించారు. హుసేనప్ప బండి చుట్టూ ఒకసారి తిరిగి చూచి, రోడ్డు మధ్యకు నడిచాడు. ఫ్యాక్టరీకి వీపు పెట్టి, మా అరుగు వైపు తిరిగి, నడుము నుండి కొక్కెం తీసి తలపైకి ఎత్తాడు.

అట్లాగే పట్టుకొని నిలుచున్నాడు. హమాలీలు నలుగురూ చేతులు దించుకొని అరుగు వైపు చూస్తున్నారు. బండివాడికి ఏమీ అర్థం కాక ఎద్దుల పగ్గాలు పట్టుకొని కూర్చున్నాడు. గేటు దగ్గర ఎవరో ఆగి చూస్తున్నారు. శెట్టిగారో కాదో నేను తిరిగి చూడలేదు.

నాయన లేచి నిలబడ్డారు. ఉత్తరీయం సరిచేసుకున్నారు. కుడిచేయి భుజం దాకా లేచి, అక్కడ కొంచెం ఆగి, తరువాత పూర్తిగా పైకి లేచింది.

హుసేనప్ప కొక్కెం దించాడు. బండి కదిలింది.